కాలిక్యులేటర్ ఉండగా ఎక్కాలెందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఐదో తరగతి. ఎక్కాలు చదవమంటే ‘ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉందిగా’ అంటాడు. మావారూ వాడినే వెనకేసుకొస్తున్నారు. పట్టుబట్టాలా, వదిలేయాలా మాస్టారూ?
– ఓ తల్లి, తెనాలి

జవాబు: వదలకండమ్మా. 56/72ని కుదించమని ఇచ్చి చూడండి. కాలిక్యులేటర్ 0.7777 అని చూపిస్తుంది. రెండింటిలోనూ ఎనిమిది దాగుందని, జవాబు 7/9 అని తట్టాలంటే ఎనిమిదో ఎక్కం నోటికి రావాలి. భిన్నాలు, భాగహారాలు, రేపటి బీజగణితం అన్నిటికీ ఇదే ఆధారం.

అయితే ఎక్కమంతా ఒకే రాగంలో అప్పజెప్పించే పాత పద్ధతి నాకూ నచ్చదు. మధ్యలో ‘ఏడెనిమిదులు?’ అంటే పిల్లవాడు ‘ఏడొకట్ల ఏడు’ నుంచి పాడుకుంటూ రావాలి. అలా కాకుండా విడి జతలుగా నేర్పండి. ఏడెనిమిదులైనా ఎనిమిదేళ్లయినా ఒకటే కదా! ఒకటి, రెండు, అయిదు, పది ఎక్కాలు పిల్లలకు తేలికే. అవి తీసేస్తే పదో ఎక్కం వరకు గట్టిగా పట్టాల్సినవి 21 జతలే. ఈ లెక్క చెబితే సగం భయం పోతుంది.

ఫోన్‌ని లాక్కోకండి. ఆ 21 ప్రశ్నల్నీ కలగాపులగంగా, ప్రతిదాని తర్వాత మూడు సెకన్లు ఆగి, వాడి గొంతుతోనే రికార్డు చేయించండి. మర్నాడు అది వింటూ, ఆ ఖాళీల్లో జవాబు చెప్పాలి. మీవారినీ పక్కన కూర్చోబెట్టండి, పోటీ ఉంటే పిల్లలకు హుషారు. తప్పిన జతల్ని వాడే రాసి గోడకు అంటించాలి. ఆ పని మాత్రం ఫోన్‌లో వద్దు, పెన్సిల్‌తోనే.