అప్పు చేసి దశమభాగం ఇవ్వాలా?

ప్రశ్న: అయ్యగారూ, కందుకూరు దగ్గర పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్తాను. ఈ నెల తొమ్మిది వేలొచ్చాయి. దశమభాగమని, అంటే పదో వంతు, తొమ్మిది వందలు చర్చి కానుక కవర్లో పెట్టి, గ్యాస్ బండకి అప్పు చేశాను. ఇవ్వకపోతే దేవుణ్ణి దోచుకున్నట్టేనా?

జవాబు: అమ్మా, ఆ మాట బైబిల్లో మలాకీ గ్రంథం 3వ అధ్యాయంలోది. మోషే ధర్మశాస్త్రం కింద ఉన్న ఇశ్రాయేలీయులతో అన్నది. వాళ్లిచ్చింది ధాన్యం, పండ్లు, పశువులు. బైబిల్లోనే ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం ప్రకారం మూడో ఏటి దశమభాగం లేవీయులతో (దేవుని మందిర సేవ చేసే గోత్రం వాళ్లతో) పాటు పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్లు తినాలి. (కానుకల వేళ ఈ వచనం ఎందుకో ఎవరూ చదవరు!) అపొస్తలుడైన పౌలు కొరింథు పట్టణంలోని సంఘానికి శాతం చెప్పలేదు, సణుక్కోకుండా, మనసులో అనుకున్నంత ఇమ్మన్నాడు. అందుకే దశమభాగం తప్పనిసరి అని నేననను. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి డబ్బాలో వేసేది, ఆదివారం గుడికి తెచ్చేది. ఎవరూ తూకం వేయలేదు. మీరు ముందు గ్యాస్ బాకీ తీర్చండి.