పాత నెగెటివ్‌ల పెట్టెలో పులుపు వాసన వస్తోంది, వాటిని కాపాడుకోవడం ఎలా?

మీ తాతగారి స్టూడియో నెగెటివ్‌లు పులుపు వాసన వేస్తున్నాయని, ఆల్బమ్ కవర్లు ఫోటోలకు అంటుకుపోతున్నాయని రాశారు. ఆ నెగెటివ్‌లను మళ్లీ మునుపటిలా చేసే ఉపాయం లేదు. వాటిమీది బొమ్మలను మాత్రం చాలావరకు దక్కించుకోవచ్చు. బందరులో మా మేనమామ నడిపిన స్టూడియో నెగెటివ్‌లు ఆయన తర్వాత మా ఇంటికి చేరాయి కాబట్టి ఈ వాసనతో నాకు పాత పరిచయమే.

అది నిజంగా వెనిగర్ వాసనే. ఒకప్పుడు స్టూడియోల్లో వాడిన ఫిల్ము ఎక్కువగా సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్. వేడి, తేమ తగిలితే అందులోంచి ఎసిటిక్ ఆమ్లం విడుదలవుతుంది. వచ్చిన ఆమ్లం ఊరుకోదు, మిగిలిన ఫిల్మును మరింత వేగంగా విరగ్గొడుతుంది. పక్కనున్న మంచి నెగెటివ్‌లకూ తోడు వేసినట్టే. ఏళ్ల తరబడి బాగున్న పెట్టె ఉన్నట్టుండి పాడైనట్టు కనిపించేది ఇందుకే. ఈ చెడు గురించి ఫిల్ము తయారుచేసే కొడాక్ కంపెనీకి మొదట కబురు వెళ్లింది మన దేశం నుంచే. 1948లో ట్రైఎసిటేట్ అనే ఒక రకం ఎసిటేట్ ఫిల్ము వచ్చాక పదేళ్లలోపే, ఉక్కపోతలో దాచిన తమ రీళ్లు చెడిపోతున్నాయని భారత ప్రభుత్వం తెలియజేసింది. ఫోటోలు, ఫిల్ముల మన్నికను పరిశోధించే అమెరికాలోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ లెక్కలో, 21 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్నచోట కొత్త ఎసిటేట్ ఫిల్ముకు ఈ జబ్బు మొదలవడానికి సుమారు 40 ఏళ్లు పడుతుంది. బందరులో 21 డిగ్రీలు ఏ నెలలో ఉంటాయో మీరే చెప్పండి!

బీరువాలో గట్టిగా మూసి, కలరా ఉండలు వేసి ఉంచామని రాశారు. పట్టుచీరలకైతే సరే. కలరా ఉండలు పురుగులను ఆపుతాయి గానీ ఆమ్లాన్ని ఆపవు. మూత బిగించిన డబ్బాలో ఆమ్లం ఎటూ పోలేక ఫిల్మునే తింటుంది. మామయ్య డబ్బాల్లో మూత వదులైనవాటిలోని నెగెటివ్‌లు మెరుగ్గా ఉన్నాయి. బిగుతుగా మూసినవాటిలో రేకు కూడా లోపలి నుంచి తుప్పు పట్టింది. కాబట్టి ముందు అన్నింటినీ బయటికి తీసి, గాలాడే నీడపట్టున పెట్టండి. ఎండలో మాత్రం వద్దు.

తర్వాత వేరుచేయండి. వాసన లేనివి ఒకవైపు, ఉన్నవి మరోవైపు, వేరే గదిలో అయితే ఇంకా మంచిది. రంగు మారే పరీక్ష కాగితాలు దొరుకుతాయి, ఆమ్లం పెరిగేకొద్దీ నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు తిరుగుతాయి. ఇంటి మట్టుకు ముక్కు చాలు, అయితే డబ్బాలో తల పెట్టి పీల్చకండి, గొంతు మండుతుంది. కొన్నింటిమీద తెల్లటి పొడి కనిపిస్తే బూజు అనుకుని నీళ్లతో కడగవద్దు. ఫిల్ము మెత్తగా ఉండడానికి తయారీలో కలిపిన పదార్థం కూడా అలా బయటికొస్తుంది.

స్కానింగ్ ఏ క్రమంలో చేయాలన్నది అసలు ప్రశ్న. అందరూ బాగా చెడినవాటితో మొదలుపెడతారు. నా లెక్క వేరు: వాసన గట్టిగా వస్తూ, ఇంకా చదునుగానే ఉన్నవి ముందు. ఫిల్ము కుంచించుకుపోతే పైనున్న బొమ్మ పొర దానితోపాటు కుంచించుకోలేక కాలువలు కాలువలుగా లేస్తుంది. ఆ దశకు వెళ్లినవాటికి ఇంట్లో చేయగలిగింది తక్కువ, అవి ఆగగలవు. వంకర తిరిగినవాటిని బలవంతంగా చదును చేస్తే పొర పగులుతుంది. లైట్ ప్యాడ్ (కింది నుంచి వెలుగునిచ్చే పలక) మీద ఉంచి కెమెరాతో పైనుంచి ఫోటో తీయడమే మేలు.

ఒక హెచ్చరిక. స్టూడియో 1940ల నాటిదని అన్నారు కాబట్టి ఫిల్ము అంచులు చూడండి. ‘సేఫ్టీ’ అని ఇంగ్లిషులో ఉంటే భయం లేదు. ‘నైట్రేట్’ అని ఉంటే అది సులువుగా అంటుకునే పాత రకం ఫిల్ము, దాన్ని మాత్రం పొయ్యికీ వేడి దీపాలకూ దూరంగా, మనుషులు పడుకోని చోట పెట్టి, తెలిసినవారిని సంప్రదించండి. అది అంటుకుంటే నీళ్లలో కూడా మండుతుంది. 2003 జనవరిలో పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వారి నైట్రేట్ రీళ్లు అలాగే తగలబడిపోయాయి.

ఆల్బమ్ కవర్లు ఫోటోలకు అంటుకుపోవడం వేరే సంగతి. అవి బహుశా పీవీసీ అనే ప్లాస్టిక్‌వి, వాటిని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం పైకి ఊరుతుంది. వాటిని లాగకుండా, కవరు పైనుంచే ఒకసారి ఫోటో తీసి పెట్టుకోండి.

స్కాన్ అయ్యాక అసలువి పారేయవచ్చా అని అడిగారు. వద్దనే అంటాను. ఇప్పటి స్కానర్ పట్టలేని వివరం నెగెటివ్‌లో ఇంకా ఉంటుంది. బాగున్నవాటిని కాగితపు కవర్లలో, మీ ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో ఉంచండి. వాసన మొదలైన ముఖ్యమైనవాటిని కాగితంలో చుట్టి, రెండు జిప్ కవర్లలో పెట్టి ఫ్రీజర్‌లో దాచవచ్చు. చలి ఆ చర్యను బాగా నెమ్మదింపజేస్తుంది. బయటికి తీసినప్పుడు కవరు చల్లదనం పూర్తిగా పోయేదాకా విప్పకండి, లేకపోతే ఫిల్ము మీదే చెమ్మ పడుతుంది.