ఉద్యోగం, చిన్నపిల్లలు ఉండగా సైకిల్ రేసులు కుదురుతాయా? కుదురుతాయి, నా అనుభవం చెబుతాను

మీరు అడిగింది ఇది: 38 ఏళ్లు, ఐటీ ఉద్యోగం, ఎనిమిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, ఏడాదిగా రోడ్ బైక్ తొక్కుతున్నారు, రేసుల్లో దిగాలని ఉంది, ఇంట్లోవాళ్లకు ఇబ్బంది లేకుండా సాధ్యమా, వారానికి ఎన్ని గంటలు కావాలి. సాధ్యమే. ఆరేడు గంటలు చాలు. ఇంట్లోవాళ్లకు ఇబ్బంది ఉండదని మాత్రం చెప్పలేను, ఉంటుంది. ఆ ఇబ్బంది ఎవరి మీద, ఏ పూట, ఎంత పడుతుందో ముందే కూర్చుని మాట్లాడుకుంటే ఏళ్ల తరబడి సాగుతుంది. మాట్లాడుకోకపోతే రెండో ఏడాదికల్లా సైకిల్ బాల్కనీలో మూలనైనా పడుతుంది, ఇంట్లో మాటలైనా తగ్గిపోతాయి. మొదటిది తెలిసినవాళ్ల ఇళ్లలో చూశాను, రెండోది మా ఇంట్లోనే జరిగింది, అది కింద చెబుతాను.

నాకిప్పుడు 46. చందానగర్‌లో ఉంటాం. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. మా ఆవిడ నర్సు, నెలకు ఏడెనిమిది నైట్ డ్యూటీలు పడతాయి. అమ్మాయి పదో తరగతి, అబ్బాయి ఆరు, మా అమ్మ మాతోనే ఉంటుంది. సైకిల్ మొదలుపెట్టింది 37లో, మొదటి రేసు 39లో. పెద్దగా గెలిచిందేమీ లేదు, నా వయసువాళ్ల విభాగంలో రెండుసార్లు మూడో స్థానం వచ్చింది, ఆ రెండు మెడల్సూ మా అమ్మ దేవుడి గూట్లో పెట్టుకుంది.

ముందు రేసు అంటే ఏమిటో చెప్పనివ్వండి, ఎందుకంటే ఏడాది తొక్కినవాళ్లు చాలామంది నాలాగే, బలం ఉంటే చాలనుకుంటారు. నా మొదటి రోడ్ రేసు ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు మీద, 40 కిలోమీటర్లు, ముప్ఫై మందికి పైగా ఒకే గుంపు. మామూలుగా ఒంటరిగా 30 స్పీడ్‌కే ఆయాసపడే నేను గుంపు మధ్యలో 37, 38లో హాయిగా పోతున్నాను, ఇంత తేలికా అనిపించింది. ముందున్నవాళ్లు గాలిని చీలుస్తుంటే వెనకవాళ్లకు దాదాపు మూడో వంతు శ్రమ తగ్గుతుంది, ఆ హాయి అంతా దానివల్లే. తర్వాత మొదటి యు-టర్న్ వచ్చింది. ముందున్న పదిమంది తిరిగి లేచి తొక్కడం మొదలుపెట్టేసరికి నేనింకా బ్రేక్ మీదే ఉన్నాను. నేను తిరిగేసరికి నా ముందు చక్రానికీ నా ముందువాడి వెనక చక్రానికీ మధ్య ఒక సైకిలంత ఖాళీ. ఒక్క సైకిలే కదా అని కూర్చునే తొక్కాను. అది మూడు సైకిళ్లయింది, ఛాతీకి గాలి తగలడం మొదలైంది, హార్ట్ రేట్ 184, ఇంకో నిమిషానికి వాళ్ల జెర్సీల రంగులు మాత్రమే కనిపిస్తున్నాయి. మిగతా 29 కిలోమీటర్లు ఒక్కడినే తొక్కాను. వేగం రెట్టింపైతే గాలిని తోసుకుంటూ పోవడానికి కావాల్సిన శక్తి ఎనిమిది రెట్లవుతుందని చదివి తెలుసుకోవడం వేరు, ఒళ్లు తెలుసుకోవడం వేరు. ఆ రోజు నాకు తక్కువైంది కాళ్లలో బలం కాదు, మలుపు దగ్గర ముందు పదిమందిలో ఉండాలన్న తెలివి, మలుపు తిరగ్గానే పది సెకన్లు ప్రాణం పెట్టి తొక్కే అలవాటు.

అందుకే చెబుతున్నా, గుంపుగా పోయే రేసుకి వెంటనే వెళ్లకండి. మొదట ఇండివిడ్యువల్ టైమ్ ట్రయల్ ఒకటి రెండు చేయండి. ఒక్కొక్కరినీ కొద్ది తేడాతో వదులుతారు, ఇంకొకరి వెనక దూరి తొక్కకూడదు, పక్కవాడు తగిలి పడతామన్న భయం ఉండదు. నంబర్ కట్టుకోవడం, మొదటి ఐదు నిమిషాల్లోనే బలమంతా ఖర్చు పెట్టేయకుండా ఉండటం, ఆ ఉదయపు టెన్షన్, ఇవన్నీ అక్కడ అలవాటవుతాయి. ఈలోపు ఆదివారం గ్రూప్ రైడ్లలో వరసగా దగ్గర దగ్గరగా తొక్కడం, ఒకరి తర్వాత ఒకరు ముందుకి రావడం, గుంత కనబడితే చేత్తో చూపించడం నేర్చుకోండి. ఇవి రాకుండా గుంపులో దిగితే మీకే కాదు, మీ వెనకున్న ఇరవై మందికీ ప్రమాదం.

చాలామంది మీకు బ్రెవెట్లు, అంటే ఇచ్చిన టైమ్‌లోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లు, చేయమని చెబుతారు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 అయితే 20 గంటల్లో, 400కి 27, 600కి 40. అవి రేసులు కావు, ర్యాంకులు ఉండవు, టైమ్‌లోపు పూర్తి చేస్తే చాలు. నేను 200, 300 చేశాను, శ్రీశైలం రోడ్డు మీద తెల్లవారడం చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ నాలుగేళ్ల బాబు ఉన్న ఇంట్లో 600 అంటే ఒక వారాంతం మొత్తం పోయినట్టే, ఆ తర్వాతి రోజు ఆఫీసులో మనం ఉండీ లేనట్టే. 40 కిలోమీటర్ల రేసు గంటా పది, గంటన్నరలో అయిపోతుంది, పొద్దున తొమ్మిదికల్లా ఇంట్లో ఉంటాం. రేసులంటే పిచ్చి అనీ, బ్రెవెట్లంటే ఆరోగ్యం అనీ అనుకుంటారు గానీ, చిన్నపిల్లలున్నవాళ్లకి టైమ్ లెక్కన రేసులే నయం అని నా గట్టి నమ్మకం.

ఇక ఆ ఆరేడు గంటలు ఎలా అంటే, మంగళవారం, గురువారం ఇంట్లో ట్రైనర్ మీద (సైకిల్‌ని బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) గంట గంట. మంగళవారం పది నిమిషాలు వార్మప్, ఎనిమిది నిమిషాల గట్టి తొక్కుడు నాలుగుసార్లు, మధ్యలో నాలుగేసి నిమిషాలు తేలిగ్గా. గురువారం చిన్నవి, ముప్ఫై సెకన్లు, నిమిషం, యు-టర్న్ తర్వాత కావాల్సింది అదే. శనివారం గంటా పావు బాగా నిదానంగా, పక్కనున్న మనిషితో తడబడకుండా మాట్లాడగలిగేంత. ఆదివారం మూడున్నర గంటలు, గండిపేట మీదుగా శంకరపల్లి దాకా వెళ్లి రావడం. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండ ఎక్కాలని అందరికీ ఉంటుంది, నాకూ ఉంది, కానీ మా ఇంటి నుంచి వెళ్లి వస్తే మధ్యాహ్నం అవుతుంది, అందుకే మూడు నెలలకోసారి, ముందే చెప్పి పెట్టుకుని వెళ్తాను. ఔటర్ పక్కన సోలార్ పైకప్పుతో 2023లో మొదలైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీకు దగ్గరైతే తేలిక రైడ్లకు అది బాగుంటుంది, గట్టి ప్రాక్టీసు మాత్రం అక్కడ చేయకండి, పిల్లలూ పెద్దవాళ్లూ వస్తుంటారు, వాళ్ల మధ్య 40లో దూసుకుపోవడం మర్యాద కాదు.

ట్రైనర్ గురించి ఒక మాట. అపార్ట్‌మెంట్ అయితే కింద ఫ్లాట్‌వాళ్లకు ఆ గుర్‌ర్‌మనే శబ్దం తెల్లవారుజామున ఐదింటికి ఎలా ఉంటుందో ఒకసారి వాళ్లింటికి వెళ్లి వినండి. నేను విన్నాక మందపాటి రబ్బరు షీటు, దాని మీద ప్లైవుడ్ చెక్క, మళ్లీ ఇంకో షీటు వేశాను. ఫ్యాన్ ఎదురుగా పెట్టుకోండి, మే నెలలో ఫ్యాన్ లేకుండా ఇరవై నిమిషాలు కూడా లాగలేరు.

నిద్ర తగ్గించి ప్రాక్టీసు పెంచొద్దు. 25 ఏళ్ల వయసులో నడుస్తుంది, 40 దగ్గర పడ్డాక నడవదు. గట్టిగా తొక్కిన దానికి కాళ్లు కోలుకునేది నిద్రలోనే. నాలుగున్నరకి లేవాలంటే తొమ్మిదిన్నరకి పడుకోవాలి, అంటే రాత్రి పెళ్లిళ్లు, రిసెప్షన్లు కొన్ని వదులుకోవాలి, చుట్టాలు ఏదో ఒకటి అంటారు, అననివ్వండి. మా దగ్గర మార్చి నెలాఖరు అకౌంట్స్ క్లోజింగ్‌లో రెండు వారాలు నేను అసలు రేసు మాటే ఎత్తను. మీకూ సాఫ్ట్‌వేర్ రిలీజ్‌లు ఉంటాయి కదా, ఆ వారాల్లో శనివారపు తేలిక రైడ్ ఒక్కటీ చేసి ఊరుకోండి. రెండు వారాలకు ఏమీ కరిగిపోదు.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది. ఆరేళ్ల కింద, ఒక ఆదివారం. ఆవిడ నైట్ డ్యూటీలో ఉంది, ఎనిమిదికి దిగుతుంది. పిల్లల దగ్గర అమ్మ ఉంది. ఎనిమిదిన్నరకల్లా వస్తానని చెప్పి నేను ఐదింటికి వెళ్లాను. శంకరపల్లి అవతల ఒకడికి పంక్చర్, ఆగాం. తర్వాత అందరూ టీకి ఆగారు, నేనూ ఆగాను, రేసు కబుర్లు. ఫోన్ జెర్సీ వెనక జేబులో సైలెంట్‌లో ఉంది. ఇంటికొచ్చేసరికి పదీ నలభై. తలుపు తీసే ఉంది. ఆవిడ యూనిఫాం కూడా మార్చుకోలేదు, హాల్లో కింద గోడకి ఆనుకుని కూర్చుని, బాబు తల ఒళ్లో పెట్టుకుని నుదుటి మీద తడిగుడ్డ వేసి ఉంది. వాడికి తెల్లవారుజాము నుంచి జ్వరం. అమ్మ నాకు నాలుగుసార్లు చేసింది, ఆవిడ ఐదుసార్లు. ఆమె ఏమీ అనలేదు. బాబుని నా చేతికిచ్చి వెళ్లి పడుకుంది. ఆ నెల్లాళ్లు మా మధ్య అవసరమైన మాటలే నడిచాయి, సైకిల్ సంగతి ఎత్తితే "నీ ఇష్టం" అనేది, అంతకంటే కష్టమైన మాట నేను వినలేదు.

తర్వాత కూర్చుని మాట్లాడుకున్నాం. నేను తెల్లవారుజామున వెళ్లడం తనకు ఎప్పుడూ సమస్య కాదని, అందరం నిద్రలో ఉంటాం కదా అని చెప్పింది. వస్తానన్న టైమ్‌కి రాకపోతే ఆ పైన ప్రతి నిమిషం తన మీద పడుతుందని చెప్పింది. అప్పటి నుంచి ఫ్రిజ్ మీద నెలకో కాగితం ఉంటుంది. ఆవిడ డ్యూటీలు ఎర్ర పెన్నుతో, పిల్లల పరీక్షలు, అమ్మ చెకప్‌లు నల్ల పెన్నుతో, నా రైడ్లు నీలం పెన్నుతో. నా గడిలో బయల్దేరే టైమ్ రాయను, తిరిగొచ్చే టైమ్ ఒక్కటే రాస్తాను. ఫోన్ సైలెంట్‌లో పెట్టను. ఆలస్యమయ్యేట్టుంటే ఎక్కడున్నా సైకిల్‌ని ఆటోలో వేసుకుని వచ్చేస్తాను, ఈ ఆరేళ్లలో మూడుసార్లు అలా వచ్చాను. ఆవిడకి నైట్ డ్యూటీ ఉన్న ఆదివారాలు బయటకి వెళ్లడమే లేదు, ట్రైనర్ మీదే.

ఇంకొకటి, చాలామంది మగవాళ్లు మర్చిపోయేది. మీకు వారానికి ఏడు గంటలు సొంతంగా దొరికితే ఆమెకూ అన్ని గంటలు దొరకాలి, పిల్లలు, వంట, ఫోన్ ఏదీ తగలకుండా. మా ఆవిడ శనివారం సాయంత్రం వీణ నేర్చుకోవడానికి వెళ్తుంది, ఆదివారం మధ్యాహ్నం తలుపేసుకుని పడుకుంటుంది. ఆ టైమ్‌లో అన్నం, పిల్లల హోంవర్క్, ఎవరైనా వస్తే కాఫీ, అంతా నాదే. "సాయం చేస్తున్నాను" అని అనుకోవడం మానేశాకే మా ఇంట్లో ఇది కుదురుకుంది.

ప్రమాదం సంగతి కూడా చెప్పాలి. 2022లో ఒక రేసులో మలుపు మీద ఇసుక ఉంది, నిర్వాహకులు ఊడ్పించలేదు, మార్షల్‌ని కూడా నిలబెట్టలేదు, నా ముందువాడు జారాడు, వాడి మీద నేను. కాలర్ బోన్ విరిగింది, ఆరు వారాలు చెయ్యి పట్టీలో. ఆరు వారాలూ పిల్లల్ని బడికి దింపింది, కూరగాయలు మోసింది, అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది ఆవిడే, డ్యూటీలు చేస్తూనే. అప్పటి నుంచి నేను రేసుకి ముందు రోజు కోర్సంతా నిదానంగా తిరిగి ప్రతి మలుపూ చూసుకుంటాను. రోడ్డు బాగోలేదంటే కట్టిన ఫీజు పోయినా వదిలేస్తాను. చివరి మూడు వందల మీటర్ల స్ప్రింట్‌లో పదిహేనో స్థానం కోసం మోచేతులు తగిలించుకోను. హెల్త్ ఇన్సూరెన్స్‌లో రేసుల గాయాలకు మినహాయింపు ఉందేమో మీ పాలసీ కాగితం తీసి చదవండి. 40 దగ్గర పడుతున్నారు కాబట్టి మొదటి రేసుకి ముందు ఒక్కసారి గుండె డాక్టర్‌కి చూపించుకోండి, ట్రెడ్‌మిల్ టెస్ట్ చేయమంటే చేయించుకోండి.

తిండికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. రేసుకి రెండు గంటల ముందు రెండు మూడు ఇడ్లీలు, ఒక అరటిపండు. గంటన్నర రేసుకి సీసాలో నీళ్లు, పంచదార, ఉప్పు, నిమ్మరసం చాలు. పెద్ద రైడ్లకి ఖర్జూరాలు, పల్లీ చిక్కీ. సైకిల్ కూడా అంతే, నా అల్యూమినియం రోడ్ బైక్ సెకండ్‌హ్యాండ్‌ది, 42 వేలు పెట్టి కొన్నాను, రెండు మెడల్సూ దాని మీదే వచ్చాయి. డబ్బు పెట్టాలంటే మంచి టైర్లకీ, మీ ఒంటికి సరిపోయేలా సీటూ హ్యాండిలూ సెట్ చేయించుకోవడానికీ, మంచి హెల్మెట్‌కీ పెట్టండి.

మీరు ఏ ఊళ్లో ఉంటారో రాయలేదు. హైదరాబాద్ పడమర వైపైతే ఆదివారం పొద్దున ఐదుంబావుకి నార్సింగి దగ్గర మేం ఏడెనిమిది మందిమి కలుస్తాం, మెసేజ్ పెట్టి రండి. లైట్లు, స్పేర్ ట్యూబు, పంపు తెచ్చుకోండి. గండిపేట దాటాక రెండేసి వరసగా గుంపులో తొక్కడం చూపిస్తాను. నేను మాత్రం టీకి ఆగను, ఈ నెల కాగితంలో నా గడిలో ఎనిమిదిన్నర అని రాసి ఉంది.