కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు టైమ్ వేస్టా?

"డిగ్రీలో ఊళ్లకు వెళ్లి చేసే 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వల్ల ఉపయోగం ఏమైనా ఉందా, లేక 4 క్రెడిట్ల కోసం పడే తిప్పలేనా?" అని అడిగారు. ఉపయోగం కచ్చితంగా ఉంది. చాలా కాలేజీల్లో ఇప్పుడు నడుస్తున్న తీరులో మాత్రం లేదు.

నేను సివిల్ ఇంజనీరింగ్ చదివేటప్పుడు సర్వేయింగ్ చెప్పే మేడం పట్టుబట్టి మమ్మల్ని ఒక ఊరి చెరువుకు తీసుకెళ్లారు. అక్కడ ఉపాధి హామీ పని జరుగుతోంది. ఎండలకు నేల రాయిలా బిగుసుకుపోయింది. రోజంతా తవ్వినా కూలి సగమే పడుతోందని ఆడవాళ్లు గొడవ పెడుతున్నారు. ఆ పనిలో తవ్విన మట్టి కొలతను బట్టే కూలి కడతారు. లోతు తెలియడానికి గుంత మధ్యలో తవ్వకుండా ఒక మట్టి దిమ్మె వదిలేస్తారు. కొలతలు రాసినాయన దాని జోలికే పోలేదు. గట్టు వైపు, లోతు తక్కువున్న చోట టేపు పెట్టి, అదే మొత్తం గుంతకూ వేసేశాడు.

"ఏమ్మా, మీ చదువులో దీనికి లెక్కుందా?" అని ఒకామె నన్ను అడిగింది.

ఉంది. గుంతను గళ్లుగా విడదీసి, ప్రతి గడి మూలల్లో లోతు తీసి సగటు కట్టాలి. క్లాసులో విసుక్కుంటూ బోర్డు మీద నుంచి దించుకున్న లెక్కే అది. టేపు ఒక కొస ఆమె పట్టుకుంది, ఇంకో కొస నేను పట్టుకున్నాను. ఆయన కొలతల పుస్తకంలో రాసినదానికంటే మట్టి బాగా ఎక్కువ తేలింది. పైగా గట్టి నేలకు ఇవ్వాల్సిన రేటు కాకుండా మెత్తటి నేల రేటు వేశారు. మేడం ఆ లెక్కలన్నీ గ్రామసభలో మా చేతే చదివించారు. "ఫార్ములా వద్దు, మీటర్లు చెప్పండి చాలు" అన్నారు. పని మళ్లీ కొలిచారు. తేడా డబ్బులు తర్వాత ఖాతాల్లో పడ్డాయి.

2005 నాటి ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ గ్రామసభకు సోషల్ ఆడిట్, అంటే పనుల లెక్కల్ని ఊరే తనిఖీ చేసే బాధ్యత, అప్పగించిందని నాకు అక్కడే తెలిసింది. ఆ చట్టం ప్రకారం కూలి ఆలస్యమైతే, హాజరు పట్టీ (మస్టర్ రోల్) మూసిన తర్వాత పదహారో రోజు దాటినప్పటి నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలి. ఆ సంగతి ఆ ఆడవాళ్లకు అప్పటిదాకా చెప్పిన వాళ్లే లేరు.

ఇప్పటి రిపోర్టులు చూస్తే ఒళ్లు మండుతుంది. అచ్చేసిన ప్రశ్నల కాగితం పట్టుకుని ఇంటింటికీ వెళ్లి కులమేంటి, ఆదాయమెంత, మరుగుదొడ్డి ఉందా అని అడుగుతారు. వాళ్లు పని ఆపుకుని చెప్పిన జవాబులు స్పైరల్ బైండింగ్ అయ్యి బీరువాలో పడతాయి. లాగ్‌బుక్‌లో సంతకాలన్నీ ఒక్కరోజే పెట్టేస్తారు. మార్కులు ఫొటోలకూ బ్యానర్‌కూ వేస్తారు. 1969లో ఎన్‌ఎస్‌ఎస్ (విద్యార్థుల జాతీయ సేవా పథకం) మొదలైనప్పటి నుంచి ఊళ్లకు వెళ్లి రోడ్లు ఊడుస్తూనే ఉన్నాం. ఊడవడం ఊరివాళ్లకు మనకంటే బాగా వచ్చు. కొలతల పుస్తకం చదివి పెట్టే మనిషే వాళ్లకు దొరకడు.

మీది కెమిస్ట్రీ అయితే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందేమో చూడండి. ప్రకాశం జిల్లా వాళ్లకైతే దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. కామర్స్ అయితే డ్వాక్రా సంఘం అప్పు మీద వడ్డీ సరిగ్గా వేశారో లేదో సభ్యులతో కూర్చుని లెక్క కట్టండి. రిపోర్టు కాలేజీకి ఇచ్చేముందు ఊళ్లో చదివి వినిపించనిస్తారా అని మీ గైడ్‌ను అడగండి. ఒప్పుకోకపోతే మీ అంతట మీరే వెళ్లి వినిపించండి.