నాయనమ్మ ‘కీర్తిశేషురాలు’ కాకూడదా?

సందేహం: మా నాయనమ్మ గతించి ఏడాది కావస్తోంది. ఇంట్లోవాళ్లం తలా కొన్ని పేజీలు రాసి ఆమె జీవితం మీద చిన్న పుస్తకం వేస్తున్నాం. అట్టమీద పేరుకు ముందు ‘కీర్తిశేషురాలు’ అని పెట్టాను. మా బాబాయి ఒప్పుకోలేదు. “ఆవిడ గడప దాటి ఎరగదు, ఊరికి తెలిసిన మనిషి కాదు, కీర్తి ఎక్కడిది? ‘స్వర్గీయ’ అని పెట్టు” అన్నారు. మా అన్నయ్య ‘లేట్’ చాలన్నాడు. ఆడవాళ్లకైనా ‘కీర్తిశేషులు’ అనే రాయాలని ఇంకొకరు చెప్పారు. ఏది సరైనది?

సమాధానం: మీరు పెట్టిన మాట ఉంచండి. మీ బాబాయిగారు అడ్డు చెప్పింది ఆవిడమీద గౌరవం తక్కువై కాదు, ‘కీర్తి’ అన్న మాటను ఈ కాలం అంతగా ఇరుకు చేసింది. బిరుదు, సన్మానం, పత్రికలో ఫోటో ఉంటే తప్ప కీర్తి లేదనుకుంటున్నాం. మాట పుట్టుక అలా చెప్పదు. ‘కౄత సంశబ్దనే’ అని ధాతుపాఠం, అంటే సంస్కృత క్రియామూలాలైన ధాతువుల పట్టిక, చెబుతుంది. సంశబ్దనమంటే పేరెత్తి పలకడం. కీర్తనం, సంకీర్తనం పుట్టింది ఆ ధాతువునుంచే. కీర్తి కూడా అక్కడిదే. కాకపోతే ఆ రూపం మామూలు ప్రక్రియకు లొంగదు గనుక వ్యాకరణకర్త పాణిని ‘ఊతియూతిజూతిసాతిహేతికీర్తయశ్చ’ అని వేరే సూత్రంలో సిద్ధరూపంగా చెప్పాడు (అష్టాధ్యాయి 3.3.97). మనిషి పేరెత్తి మాట్లాడుకోవడమే కీర్తికి మూలం. ఎందరు మాట్లాడుకోవాలన్న లెక్క ధాతువులో లేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక పెద్దావిడ గురించి పేజీలు రాస్తుంటే అది కీర్తనం కాక మరేమిటి?

ఇక ‘శేషం’. ‘కీర్తిశేష’ అంటే కీర్తి మాత్రమే మిగిలిన వ్యక్తి అని బహువ్రీహి, అంటే తనలోని పదాలను కాక వేరొకరిని సూచించే సమాసం. సంస్కృతంలో దీనికి తోబుట్టువులున్నాయి: నామశేషుడు, కథాశేషుడు, యశఃశేషుడు. సంస్కృత కవి సుబంధుడు తన ‘వాసవదత్త’ కావ్యం మొదట్లో విక్రమాదిత్యుడు లేని లోకాన్ని చెబుతూ “సరసీవ కీర్తిశేషం గతవతి భువి విక్రమాదిత్యే” అన్నాడు. ఒకప్పుడు ఇక్కడ చెరువుండేదని చెప్పుకోవడమే మిగిలినట్టు ఆ రాజూ మిగిలాడని భావం. రాజుకు వాడిన మాట గదా, మన ఇంటి మనిషికి తగునా అనకండి. “కారే రాజులు” పద్యంలో పోతన బలిచక్రవర్తి చేత “భూమిపైఁ బేరైనం గలదే” అనిపించాడు. రాజైనంత మాత్రాన పేరు నిలవదన్న సంగతి ఆ చక్రవర్తే చెప్పాడు.

ఈ కుటుంబంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట వేరే ఉంది: ‘ఆలేఖ్యశేషుడు’. కాళిదాసు రఘువంశం పద్నాలుగో సర్గలో వాడాడు. అరణ్యవాసం ముగించి అయోధ్యకు వచ్చిన రాముడు తనతో వచ్చిన మిత్రులకు సకల వస్తువులతో నిండిన ఇళ్లు విడిదిగా ఇచ్చాడు. ఆ తరువాత తండ్రి ఇంట్లో అడుగుపెట్టాడు.

“బాష్పాయమాణో బలిమన్నికేత
మాలేఖ్యశేషస్య పితుర్వివేశ”

ఆలేఖ్యమంటే చిత్రం. తండ్రి అక్కడ చిత్రంగా మాత్రమే మిగిలాడు. ‘బలిమత్’ అంటే పూజాద్రవ్యాలు ఉన్నది అని. మిత్రుల ఇళ్లలో పరికరాలు నిండుగా ఉన్నాయి, ఈ ఇంట్లో ఉన్నవి పూజాద్రవ్యాలూ ఒక పటమూ. రాముడు విలపించాడని కవి అనలేదు, ‘బాష్పాయమాణః’ అన్నాడు, కన్నీరు ఊరుతోంది. దశరథుడు పోయినప్పుడు రాముడు దగ్గర లేడు. పద్నాలుగేళ్ల దుఃఖానికి కాళిదాసు ఇచ్చిన చోటు రెండు పాదాలే, అందులోనూ బరువంతా ‘ఆలేఖ్యశేషస్య’ అన్న ఒక్క సమాసం మీదే. పెద్దలు పోయిన ఇంటికి చాలాకాలం తరువాత వెళ్లినవారికి ఈ సమాసానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

తరువాతి శ్లోకం కూడా చదవండి. ఆ ఇంట్లోనే రాముడు కైకకు చేతులు జోడించి, ‘అమ్మా, స్వర్గఫలాన్నిచ్చే సత్యంనుంచి మా తండ్రి జారిపోలేదంటే, ఆలోచిస్తే అది నీ పుణ్యమే’ అంటాడు. అలా ఆమె సిగ్గును పోగొట్టాడు. పోయినవారిని తలచుకునే వేళ, బతికున్నవారి మనసునుంచి బరువు దింపడం! మీ పుస్తకంలో పాత తగవులేవైనా వస్తే ఈ శ్లోకం గుర్తుంచుకోండి.

మిగతావి క్లుప్తంగా. ‘స్వర్గీయ’ అంటే స్వర్గానికి సంబంధించిన అని అర్థం. స్వర్గానికి వెళ్లిన అని చెప్పాలంటే ‘స్వర్గస్థురాలైన’ ఉంది. ‘స్వర్గీయ’ వాడుకలో పాతుకుపోయింది కాబట్టి తప్పనను, నేను మాత్రం రాయను. ‘దివంగత’ నిర్దోషం. ‘పరమపదించారు’ వైష్ణవుల వాడుక, ‘శివైక్యం’ శైవులది. ‘లేట్’ పెట్టవద్దు. తెలుగువారి నోట లేటంటే ఆలస్యమే. ఇన్ని మాటలున్న భాషలో నాయనమ్మ పేరుకు ముందు ఆ మాట చూడాలంటే నాకు బాధ కలుగుతుంది.

‘కీర్తిశేషులు’, ‘కీర్తిశేషురాలు’ విషయంలో గట్టి తీర్పు ఇవ్వలేను. ధీరురాలు ఎలాగో కీర్తిశేషురాలు అలాగే, వ్యాకరణం చక్కగా ఒప్పుతుంది. అయితే ‘పూజ్యులైన అమ్మగారు’ అంటున్నాం గదా, ఆ గౌరవ బహువచనం వరసలో ‘కీర్తిశేషులైన’ కూడా చెల్లుతుంది. అట్టమీద ఒంటిగా నిలిచేచోట ‘కీర్తిశేషురాలు’, లోపల వాక్యంలో ‘కీర్తిశేషులైన మా నాయనమ్మగారు’ అని నేనైతే రాస్తాను. రెంటిలో దేన్ని ఎంచుకున్నా ‘కీ.శే.’ అని మాత్రం కుదించకండి. ఒక మనిషి గురించి మిగిలింది కీర్తేనని చెప్పే మాటను రెండు చుక్కల మధ్య నొక్కేయడం అన్యాయం. అట్టమీద చోటు చాలకపోతే అక్షరాల సైజు తగ్గించమనండి.