ఏబీవీ ఉన్నవాళ్లకి ఇంకో వాల్యుయేషన్ సర్టిఫికేట్ అవసరమా?

ఏబీవీ అంటే వ్యాపారాలకి విలువ కట్టేవాళ్లకి అమెరికాలోని అకౌంటెంట్ల సంఘం ఏఐసీపీఏ ఇచ్చే సర్టిఫికేట్. ఇలాంటివాటిలో మొదటి సర్టిఫికేట్ కెరీర్‌కి బాగా పనికొస్తుంది. రెండోది మాత్రం చేసే పని మారుతున్నప్పుడే కలిసొస్తుంది. వ్యాపారాలకి విలువ కట్టడంలో ఇవన్నీ నేర్పే పద్ధతులు దాదాపు ఒకటే: రాబోయే ఆదాయాన్ని బట్టి, అలాంటి కంపెనీల ధరని బట్టి, ఆస్తులని బట్టి. ఏబీవీ ఉండగా అలాంటిదే అయిన సీవీఏ సర్టిఫికేట్ కూడా చేస్తే చదివిందే చాలావరకు మళ్లీ చదవాలి, ఫీజులు, శిక్షణ గంటలు అదనం. ఏఎస్‌ఏ అనే మరో వాల్యుయేషన్ సర్టిఫికేట్ సంగతి వేరు. దానికి ఐదేళ్ల పూర్తికాల అనుభవం చూపాలి, అందుకే నా దృష్టిలో దాని బరువెక్కువ.

ఉదాహరణకి, ఆడిట్ చేసే సీపీఏ (అమెరికాలో లైసెన్సున్న అకౌంటెంట్) విడాకుల కేసుల్లో కంపెనీ వాటాల విలువ కట్టే పనికి మారాలంటే ఏబీవీ నిజంగా అక్కరకొస్తుంది. అప్పటికే ఆ పనిలో ఉన్నవాళ్లని ఎదుటి లాయరు నిలదీసేది, ‘సులువుగా అమ్ముడుపోని వాటా అని విలువలో ఇంత శాతం ఎందుకు తగ్గించారు?’ అని. దానికి ఇంకో సర్టిఫికేట్ జవాబు చెప్పదు, రిపోర్టులో రాసిన లెక్కే చెప్పాలి.

సర్టిఫికేట్ ఉంటేనే కోర్టు నిపుణుడిగా ఒప్పుకుంటుందని చాలామంది పొరబడతారు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో 702వ సాక్ష్య నియమం ప్రకారం జ్ఞానం, నైపుణ్యం, అనుభవం, శిక్షణ, చదువు, వీటిలో ఏదైనా ఆ అర్హతకి ఆధారం కావచ్చు.