వయసు చెప్పే పనా, మనిషిని పోల్చే పనా?

ప్రశ్న: సార్, మాది పలమనేరు. మా పాప తిరుపతిలో బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. ఫోటో చూసి వయసు చెప్పే యాప్ ఒకటి చూసింది. అప్పటి నుంచి పోలీసులకు ముఖాలు గుర్తుపట్టి పెట్టే ఉద్యోగమే చేస్తానంటోంది. ‘ఫేస్ ఫోరెన్సిక్స్’ అని మూడు నెలల ఆన్‌లైన్ కోర్సుకు నలభై వేలు అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: అమ్మా, డబ్బు సంగతి చివర్లో చెప్తాను. పాప చూసిన యాప్ ఒకటి, చేస్తానంటున్న పని ఇంకొకటి.

బస్సులో కండక్టర్ పిల్లాడి ముఖం చూసి, “వీడికి హాఫ్ టికెట్ ఏందమ్మా, పన్నెండు దాటినట్టుండాడే” అంటాడు. వాడు ఎవరి కొడుకో ఆయనకు అక్కర్లేదు. వయసు అంచనా అంటే అదే. టీటీడీ 2023 మార్చిలో గదుల కేటాయింపు, డిపాజిట్ తిరిగి ఇవ్వడం దగ్గర ముఖ గుర్తింపు తెచ్చింది. అక్కడ మీకు ఎన్నేళ్లున్నా ఒకటే. గది తీసుకున్న మనిషీ, ఇప్పుడు డబ్బు అడుగుతున్న మనిషీ ఒకరేనా అన్నదే ప్రశ్న. ఇది పోలిక.

దర్యాప్తులో రెండూ ఉన్నాయి. పిల్లలపై లైంగిక నేరాల కేసులో దొరికిన హార్డ్ డిస్క్‌లో లక్షల ఫోటోలు ఉండొచ్చు. వాటిలో చిన్నపిల్లలవిగా కనిపించేవాటిని ముందుకు తేవడానికి వయసు సాఫ్ట్‌వేర్ సాయపడుతుంది. అంతవరకే. అమెరికాలో కొలతలు, ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ నిస్ట్ 2024లో పరీక్షిస్తే, వీసా ఫోటోల మీద అన్నిటికన్నా బాగా చేసిన సాఫ్ట్‌వేర్‌కు కూడా సగటున 3.1 ఏళ్ల తేడా వచ్చింది. పోక్సో కేసేమో 18 ఏళ్ల గీత దగ్గరే తేలాలి. పదహారేళ్ల పిల్ల పంతొమ్మిదిగా లెక్కకొస్తే? అందుకే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ముందు స్కూల్ లేదా పదో తరగతి సర్టిఫికెట్ అడుగుతుంది. అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఇంకొక మాట, తల్లిగా మీకు తెలియాలి: సాఫ్ట్‌వేర్ ఎంత ఏరిపెట్టినా, చివరికి ఆ ఫోటోలు ఒక మనిషి చూడాల్సిందే. అది అందరివల్లా అయ్యే పని కాదు.

పోలికలో టెన్షన్ వేరే రకం. సీసీటీవీలో పడిన ముఖాన్ని లక్షల ఫోటోల్లో వెతకమని సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, అసలు దొంగ అందులో లేకపోయినా దగ్గరగా ఉన్న ముఖాలు కొన్ని తెచ్చి ముందు పెడుతుంది. 2020 జనవరిలో అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు రాబర్ట్ విలియమ్స్ అనే ఆయన్ని ఇలాంటి మ్యాచ్ పట్టుకునే అరెస్టు చేశారు, ఆయన ఇంటిముందే, భార్యాపిల్లలు చూస్తుండగా. దొంగ ఆయన కాదు. అందుకని మ్యాచ్ తర్వాత అసలు పని మనిషిది. చెవి ఆకారం, పుట్టుమచ్చ, గాటు, నుదుటి ముడతలు ఒక్కోటీ పోల్చి, కారణం రాసి, రేపు బోనులో డిఫెన్స్ లాయర్ అడిగితే నిలబడాలి. ఫోటో మీద స్కేలు పెట్టి కళ్ల మధ్య దూరం కొలిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కెమెరా కోణం, లెన్స్ మారితే ఆ కొలతా మారుతుంది. నిపుణులు దాన్ని నమ్ముకోరు.

చదువు కూడా అలాగే చీలుతుంది. వయసు అంచనా వైపైతే స్టాటిస్టిక్స్, పైథాన్, మెషిన్ లెర్నింగ్. పాప ఉన్న దారిలోనే ముందుకెళ్లొచ్చు. పోలిక వైపైతే డిగ్రీ అయ్యాక ఫోరెన్సిక్ సైన్స్‌లోనో డిజిటల్ ఫోరెన్సిక్స్‌లోనో ఎమ్మెస్సీ చేయాలి. గాంధీనగర్ నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఎంట్రన్స్ మీద కన్నేసి ఉంచమనండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం గురించి భారతీయ సాక్ష్య అధినియమ్ (పాత ఎవిడెన్స్ యాక్ట్ బదులు వచ్చిన చట్టం) 63వ సెక్షన్ ఇప్పుడే చదివితే నష్టం లేదు. ఎస్వీ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ విభాగం ఉంది కదా, ఒక సాయంత్రం వెళ్లి అక్కడి సీనియర్లతో మాట్లాడమనండి. మనిషి ఒంటి తేడాలు చదివేవాళ్లు చెప్పేది కంప్యూటర్ ల్యాబ్‌లో వినపడదు.

ఈ ఆదివారం మీ పెళ్లి ఆల్బమ్ పాప చేతికివ్వండి. తనకు తెలియని బంధువుల వయసు అప్పటికి ఎంతో రాయమనండి, మీరు దిద్దండి. తర్వాత ఆ ఫోటోల్లోని ఐదుగురిని ఈమధ్య ఫంక్షన్ ఫోటోల్లో వెతికి, ఎందుకు వాళ్లేనో ఒక్కొక్కరికీ అరపేజీ రాయమనండి. “చూస్తే తెలుస్తోంది కదమ్మా” అంటే ఒప్పుకోవద్దు. ఏ పని చేస్తూ అన్నం సంగతి మర్చిపోయిందో నాకు రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.

నలభై వేలంటారా, కట్టకండి. రెండు పనులూ మూడు నెలల్లో నేర్పిస్తామనేవాళ్లకు ఆ రెండూ వేరని తెలిసినట్టు లేదు.